తాతయ్య టోపీ మీది నాలుగు అక్షరాలు

చెన్నై

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ ‘మా తాతయ్య నేవీలో ఆఫీసరు’ అని మొదలైంది. నువ్వు జతచేసిన ఫోటో మాత్రం కాదంటోంది. భుజాల మీంచి వీపు మీదికి పడే వెడల్పాటి నీలం కాలరు, దాని అంచున మూడు తెల్ల గీతలు, మెడలో నల్ల పట్టు రుమాలు: ఇది మామూలు నావికుడి దుస్తు. ఆఫీసరైతే నీలం కోటు ముంజేతి చుట్టూ, తెల్ల యూనిఫాం అయితే భుజాల మీద జరీ పట్టీలు ఉంటాయి. ఆఫీసరన్నది ఇంట్లోవాళ్లు ముద్దుగా అనుకున్న మాటేమో. అలాగే రాయి, ఇంకా బావుంటుంది.

ట్యూబులైటు కింద ఫోనుతో తీసిన బొమ్మ పనికిరాదు. పాత ప్రింట్లలో నలుపు ఉన్నచోట వెండి పైకి తేలి అద్దంలా మెరుస్తుంది, మనక్కావలసిన టోపీ పట్టీ, అంటే అక్షరాలుండే నల్ల రిబ్బను, సరిగ్గా అక్కడే మాయమవుతుంది. స్కానర్ మీద 1200 డీపీఐలో, రంగుల్లోనే తియ్యి. ఆల్బం నల్లకాగితానికి అంటుకుని ఉంటే పీకొద్దు, పేజీతో సహా పెట్టు.

పట్టీ మీద హెచ్.ఎం.ఐ.ఎస్. (హిస్ మెజెస్టీస్ ఇండియన్ షిప్) అని ఉంటే బ్రిటిష్ కాలపు రాయల్ ఇండియన్ నేవీ. ఆ పేరు 1934లో వచ్చింది. 1950 జనవరి 26 నుంచి ఐ.ఎన్.ఎస్., అంటే ఇండియన్ నేవల్ షిప్. ఓడ పేరు లేదని దిగులుపడకు, యుద్ధకాలంలో శత్రువుకు తెలియకూడదని ఉత్త అక్షరాలే ఉంచేవారు. ఎక్కడైనా పేరు దొరికినా తొందరపడి తాతయ్యను సముద్రం ఎక్కించకు. మద్రాసులో ‘అడయార్’, విశాఖలో ‘సర్కార్స్’ అన్నవి ఓడల్లా పిలిచినా ఓడలు కావు, గట్టు మీది స్థావరాలు.

నెగెటివ్ తిరగేసి ప్రింటు వేసి ఉంటే కుడిచెయ్యి ఎడమచెయ్యి అయిపోతుంది. హెచ్, ఎం, ఐ అద్దంలోనూ అలాగే కనిపిస్తాయి కాబట్టి వాటి వరసా, ఎస్ వంపూ చూడు. అది తేలాకే చేతుల మీదికి రా.

ఎడమచేతి మీద ఉండేది హోదా గుర్తు. ఒక లంగరు ఉంటే లీడింగ్ సీమన్, మామూలు నావికుడికి ఒక మెట్టు పైన. కిరీటం కింద రెండు లంగర్లు అడ్డంగా ఉంటే పెటీ ఆఫీసర్, ఇంకో మెట్టు పైన; పేరులో ఉన్నా అసలు ఆఫీసరు కాదు. ‘వి’ ఆకారపు గీతలు కనిపిస్తే హవల్దారు అనుకునేవు, అది సైన్యం లెక్క. ఇక్కడ అవి కొన్నేళ్లు మచ్చ లేకుండా పనిచేసినందుకు ఇచ్చిన గుర్తులు. ఒక్కటున్నా అతను కొత్తగా చేరినవాడు కాదు.

కుడిచేతి మీద ఉండేది పని గుర్తు, నీ కథకు అసలు సరుకు అదే. రెండు జెండాలైతే సిగ్నలర్, రెక్కల మధ్య మెరుపైతే వైర్‌లెస్ పంపే టెలిగ్రాఫిస్టు, ప్రొపెల్లరైతే బాయిలర్ల దగ్గర మంట చూసే స్టోకరు. స్టోకరని తేలితే నీ రెండో పేజీలో డెక్ మీద సూర్యోదయం కొట్టేయాల్సిందే, అతని పొద్దు చాలావరకు మంటల ముందే గడిచేది.

మూలనున్న మౌంట్ రోడ్ స్టూడియో ముద్ర ఫోటో ఎక్కడ తీశారో చెబుతుందంతే, పోస్టింగు కాదు. సెలవుకొచ్చి తీయించుకున్నా అదే ముద్ర పడుతుంది. అట్ట వెనకవైపు కూడా స్కాన్ చేసి పంపు, తేదీ పెన్సిలుతో రాసి ఉండొచ్చు.

ఆశీస్సులతో.