నోటీసు తిప్పి పంపితే కేసు ఆగదు

ప్రశ్న: తెనాలి దగ్గర మాకు చిన్న రైసుమిల్లు ఉంది. ఆరేళ్లుగా పనిచేస్తున్న బాయిలర్ ఆపరేటరు 2021 మార్చి మొదట్లో, రాత్రి షిఫ్టులో, రెండు బస్తాల బియ్యం ఆటోలోకి ఎక్కిస్తూ దొరికాడు. రేపట్నించి రావొద్దని అక్కడే చెప్పేశాను. కాగితం ఏమీ ఇవ్వలేదు. అతను లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టి, తర్వాత గుంటూరు లేబర్ కోర్టులో కేసు వేశాడు. ‘వెళ్తే మనమే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది, ఊరుకోండి, అదే చల్లారిపోతుంది’ అన్నారు మా లెక్కలు చూసే పెద్దమనిషి. కోర్టు నుంచి రిజిస్టర్ పోస్టు వస్తే తీసుకోలేదు. గత నెల తహసీల్దారు ఆఫీసు నుంచి 5,88,000 రూపాయలు కట్టమని, కట్టకపోతే మిల్లు సామాను జప్తు చేస్తామని నోటీసు వచ్చింది. విచారిస్తే 2024 ఆగస్టులోనే అవార్డు (లేబర్ కోర్టు తీర్పు) అయిందట, పనిలోకి కూడా తీసుకోవాలట. నేనిచ్చిన జీతం 11,500 అయితే అతను 14,000 అని రాశాడు. పైగా రెండేళ్లుగా ఇంకో మిల్లులో పనిచేస్తున్నాడు. నా మాట ఒక్కటీ వినకుండా ఇలా ఎలా తీర్పిస్తారు? ఇప్పుడు దారేదైనా ఉందా?
– ఒక మిల్లు యజమాని

జవాబు: అయ్యా, దారి ఉంది. ఇరుకుది. అది చెప్పేముందు మీరు వెళ్లని రోజున ఆ కోర్టు హాల్లో ఏం జరిగి ఉంటుందో చెప్తాను. ఇటు యాజమాన్యాల తరఫునా అటు కార్మికుల తరఫునా వాదించినవాణ్ణి కాబట్టి ఆ తంతు నాకు కంఠతా వచ్చు.

మీరు వెనక్కి పంపిన కవరు మీద పోస్ట్‌మ్యాన్ ‘తిరస్కరించారు’ అని రాస్తాడు. సరైన చిరునామాకు వెళ్లిన రిజిస్టర్ పోస్టును తిరస్కరిస్తే చట్టం దృష్టిలో అది అందినట్టే. వాయిదా రోజున మీ మిల్లు పేరు బయటికి వినపడేలా మూడుసార్లు పిలుస్తారు. ఎవరూ పలకరు. ‘ప్రతివాది పిలిచినా హాజరు కాలేదు, ఎక్స్‌పార్టీ’ అని డాకెట్‌లో, అంటే కేసు నడక రాసే కాగితంలో, ఒక్క వాక్యం పడుతుంది. తర్వాతి వాయిదాకి కార్మికుడు ప్రమాణ పత్రం దాఖలు చేస్తాడు, చేతిలో ఉన్న జీతం చీటీలో, గేటు పాసో, లోడు కాగితాల మీద తన సంతకాలో ఎగ్జిబిట్లుగా పెడతాడు. సాక్ష్యం కాగితంలో కింద ‘క్రాస్: నిల్’ అని, అంటే ఎదురు ప్రశ్నలేవీ లేవని, రాస్తారు. మీ కేసంతా ఆ రెండు మాటల్లో పోయింది.

ఎక్స్‌పార్టీ అంటే రానివాళ్లు లేకుండానే కేసు నడపడం, అడిగిందల్లా ఇచ్చేయడం కాదు. చట్టం రక్షణకు కావాల్సిన 240 రోజులు ఏడాదిలో పనిచేశానని చూపించాల్సిన భారం కార్మికుడిదే, కోర్టు ఆ సాక్ష్యం చూడాల్సిందే. కానీ ఎదురు ప్రశ్న లేని సాక్ష్యాన్ని కాదనడానికి జడ్జిగారికి మాత్రం ఏం ఆధారం ఉంటుంది? 14,000 అని అతను ప్రమాణం చేశాడు, 11,500 అని చూపించే మీ జీతాల రిజిస్టరు మిల్లు బీరువాలో ఉండిపోయింది. 2021 మార్చి నుంచి 2024 ఆగస్టు దాకా 42 నెలలు. మీ లెక్కన 4,83,000, అతని లెక్కన 5,88,000. మధ్యలో ఉన్న 1,05,000 కేవలం ఒక రిజిస్టరు కోర్టు మెట్లెక్కనందుకు.

రెండో మిల్లు సంగతీ అంతే. దీపాలీ గుండు సుర్వసే కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, అన్యాయంగా తీసేసినట్టు తేలితే పాత జీతంతో సహా పనిలోకి తీసుకోవడం మామూలు పద్ధతి. ఈ మధ్యలో ఇంకెక్కడా సరైన సంపాదన లేదని కార్మికుడు చెప్పాలి. అలా చెప్పాక, కాదు ఫలానాచోట చేస్తున్నాడని నిరూపించాల్సింది యజమాని. ఆ బరువు మీ మీదికి వచ్చింది, ఎత్తడానికి మీరు లేరు.

అన్నిటికన్నా పెద్ద నష్టం బస్తాల విషయంలో. విచారణ జరపలేదు కదా, ఇక దొంగతనం మాట ఎత్తలేమని చాలామంది యజమానులు అనుకుంటారు. అది తప్పు. మిల్లులో విచారణ జరపకుండా తీసేసినా సరే, ఆ తప్పు నిజంగా జరిగిందని లేబర్ కోర్టు ముందే మొదటిసారి నిరూపించుకోవచ్చు. ఫైర్‌స్టోన్ టైర్ కేసు నాటి నుంచీ, అంటే 1973 నుంచీ, ఉన్న న్యాయం అది. ఆటో డ్రైవర్ని, ఆ రాత్రి కాపలా మనిషిని సాక్ష్యానికి తేవచ్చు. ఒకటే షరతు. సాక్ష్యం పెట్టుకునే అవకాశం కావాలని మీ జవాబు పత్రంలోనే అడగాలి. లక్ష్మీదేవమ్మ కేసులో 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ మాట ఖాయం చేసింది. జవాబే దాఖలు చేయని మీకు ఆ తలుపు తెరుచుకోలేదు. రికార్డు ప్రకారం ఇవాళ అతను ఏ తప్పూ చేయని మనిషి.

దొంగతనం మాట వదిలేసి, పని తగ్గిందని చట్టప్రకారం తీసేసి ఉన్నా, నెల నోటీసు జీతం, ఏడాదికి 15 రోజుల చొప్పున ఆరేళ్లకు పరిహారం కలిపి మీ జీతం లెక్కన సుమారు 46,000తో పోయేది. గ్రాట్యుటీ వేరే అనుకోండి. ఆ పెద్దమనిషి సలహా ఖరీదు ఎంతో మీరే లెక్క వేసుకోండి, లెక్కలు ఆయనకు వదలకండి.

ఇక తహసీల్దారు ఎందుకొచ్చాడంటారా? అవార్డు ప్రచురించిన 30 రోజులకు అమలుకు వస్తుంది. డబ్బు రాకపోతే పారిశ్రామిక వివాదాల చట్టం 33సి(1) కింద కార్మికుడు ప్రభుత్వానికి దరఖాస్తు పెడతాడు, ప్రభుత్వం కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది, అక్కణ్నుంచి భూమిశిస్తు బకాయిలాగే వసూలు. తహసీల్దారుకు మీ కథ వినే అధికారం లేదు. ఆయన ముందు బతిమాలుతూ రోజులు పోగొట్టుకోవద్దు. అవార్డును ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో అని 29వ సెక్షన్ కూడా ఉంది.

చేయాల్సింది ఇది. అవార్డు ఇచ్చిన లేబర్ కోర్టులోనే ఎక్స్‌పార్టీ అవార్డు రద్దు చేయమని పిటిషన్, దానితోపాటు ఆలస్యం మన్నించమని మరో పిటిషన్ వేయండి. 30 రోజులు దాటాక ఆ కోర్టుకు ఇక అధికారమే ఉండదని ఒకప్పుడు వాదన నడిచేది. 2018లో హర్యానా సూరజ్ మాల్టింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల ధర్మాసనం దాన్ని తేల్చేసింది. తగిన కారణం చూపిస్తే అమలుకు వచ్చిన అవార్డునైనా లేబర్ కోర్టు రద్దు చేయవచ్చు.

చిక్కంతా ‘తగిన కారణం’ దగ్గరే. కవరు తీసుకోలేదన్నది కారణం కాదు, తప్పు. దాన్ని కప్పిపెట్టడానికి ఆ నెలలో ఆసుపత్రిలో ఉన్నానని కాగితం పుట్టించకండి. పోస్టల్ ఎండార్స్‌మెంట్, అంటే కవరు మీద పోస్ట్‌మ్యాన్ రాసిన మాట, ఫైల్లోనే ఉంది, కార్మికుడి వకీలు మొదట తీసేది దాన్నే. జరిగింది జరిగినట్టు ప్రమాణ పత్రంలో రాసి, మీ జవాబు పత్రం, జీతాల రిజిస్టరు నకలు, రెండో మిల్లు వివరం జతచేయండి. బస్తాల సంగతి నిరూపించుకునే అవకాశం కావాలని ఆ జవాబులో స్పష్టంగా అడగండి. కొంత సొమ్ము కోర్టులో జమ కట్టడానికి సిద్ధమని మీరే ముందు చెప్పండి. డబ్బు పెట్టినవాడి మాట కొంచెం నమ్ముతారు, ఇది నా అనుభవం, చట్టం కాదు.

ఈలోగా ఒక పని వెంటనే చేయండి. ఫలానా తేదీన డ్యూటీలో చేరమని అతనికి స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో, ఉత్తరం రాయండి. కోర్టు తీర్పుకు లోబడి అనే మాట చేర్చండి. మనసొప్పదని తెలుసు. కానీ 2024 ఆగస్టుతో లెక్క ఆగలేదు, అతన్ని తీసుకునేదాకా నెల నెలా జీతం పేరుకుంటూనే ఉంటుంది. రమ్మన్నా రాకపోతే, ఆ తేదీ తర్వాతి జీతం అతనెలా అడుగుతాడో చూద్దాం.

హైకోర్టుకు నేరుగా రిట్ (అవార్డును సవాలు చేసే పిటిషన్) వేయమని కూడా కొందరు చెప్తారు. వేయవచ్చు. స్టే కూడా రావచ్చు, సాధారణంగా కొంత కట్టమనే షరతుతో. అయితే పనిలోకి తీసుకోవాలన్న అవార్డు మీద మీరు రిట్‌కి వెళ్తే, తనకు వేరే ఉద్యోగం లేదని అతను అఫిడవిట్ వేసినంతకాలం, ఆఖరున తీసుకున్న జీతం కేసు తేలేదాకా మీరే ఇవ్వాలి. అది 17బి సెక్షన్. రెండో మిల్లు రుజువు మీ చేతిలో గట్టిగా ఉంటే తప్ప ఆ దారి పట్టకండి.

నన్నడిగితే రాజీకి కూర్చోండి. ఇలాంటి కేసుల్లో మళ్లీ అదే బాయిలర్ దగ్గర అతన్ని నిలబెట్టాలని మీకూ ఉండదు, నిలబడాలని అతనికీ ఉండదు. ఏకమొత్తంగా ఇంత అని ఒప్పుకుని, ఉద్యోగం ముగిసినట్టు రాతపూర్వక సెటిల్‌మెంట్ చేసుకుని, లేబర్ ఆఫీసులో నకలు ఇవ్వండి. రద్దు పిటిషన్ వేశాక మాట్లాడితే మీకు కాస్త బలం ఉంటుంది, జప్తు జరిగాక మాట్లాడితే ఉండదు.

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. లేబర్ కోర్టుల స్థానంలో ఇక ట్రిబ్యునళ్లు. మీ అవార్డు అంతకుముందుది కనుక పాత చట్టం సెక్షన్లే చెప్పాను. పిటిషన్ ఎక్కడ వేయాలన్నది మాత్రం వేసే రోజున కోర్టు ఆఫీసులో అడిగి వేయండి.

ప్రశ్న: మా ఆయన్ని స్పిన్నింగ్ మిల్లు నుంచి తీసేస్తే కేసు వేశాం. ఇల్లు గడవక ఆయన పనికోసం వేరే రాష్ట్రం వెళ్లారు. వాయిదాలు యూనియన్ నాయకుడు చూసుకుంటానన్నాడు. ఆయనా వెళ్లలేదట, కేసు కొట్టేశారు. మళ్లీ కొత్తగా వేయవచ్చా?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: కొత్తది వద్దమ్మా, కొట్టేసినదాన్నే తెరిపించండి. తీసేసిన తేదీ నుంచి మూడేళ్లలోపే కోర్టుకు రావాలని పాత చట్టంలో గడువుంది, కొత్తగా వేయబోతే అది దాటిపోయి ఉండవచ్చు. పాత కేసు తిరిగి విచారణకు తీసుకోమని అదే కోర్టులో పిటిషన్ వేయించండి. మీవారు వేరే ఊళ్లో పనిచేసిన చోటి హాజరు కాగితం, రైలు టికెట్లుంటే అవి, నాయకుడికి చేసిన ఫోన్ మెసేజీలు జత చేయండి. బతుకుతెరువుకు వెళ్లడం కారణమే. కాకపోతే ఆ పని వివరం దాచకండి. రేపు పాత జీతం లెక్క వచ్చినప్పుడు అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. సాక్ష్యం చెప్పే రోజు మాత్రం మీవారు స్వయంగా బోనెక్కాలి, నాయకుడు బదులు చెప్పలేడు.

ప్రశ్న: లేబర్ ఆఫీసరు రాజీ మీటింగుకి పిలిచారు. ఆయనకు తీర్పిచ్చే అధికారం లేదు కదా, వెళ్లకపోతే ఏమవుతుంది? వకీలును పెట్టుకోవాలా?
– ఒక షోరూం మేనేజరు

జవాబు: తీర్పివ్వలేరు, నిజమే. రప్పించే అధికారం మాత్రం పాత చట్టం 11(4) కింద కూడా ఉంది. మీరు వెళ్లకపోతే ‘యాజమాన్యం హాజరు కాలేదు’ అన్న వాక్యంతో ఫైలు ముందుకు వెళ్తుంది, కోర్టులో మీ గురించి మొదట చదివేది అదే. రాజీ మీటింగుకి వకీలు అక్కర్లేదు, అసలు రానివ్వరు. మీరే వెళ్లండి. అపాయింట్‌మెంట్ కాగితం, ఆరు నెలల హాజరు పట్టీ, చివరి జీతం చీటీ పట్టుకెళ్లండి. చెప్పేది ఒక పేజీలో రాసి ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.