చాలా ఏళ్ల తర్వాత పాత హోటల్‌కి అందరినీ తీసుకెళ్తే నిరాశ పడకుండా ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఒకప్పుడు మీరున్న వీధిలో బాగా అలవాటైన చిన్న హోటల్ ఒకటి ఉంది. చాలా కాలానికి మళ్లీ అటు వెళ్తున్నారు. ఈసారి ఇంట్లోవాళ్లనీ, పాత స్నేహితులనీ కలిపి పది పన్నెండు మందిని తీసుకెళ్దామని ఉంది. రుచి మారిపోయి ఉంటే అందరి ముందూ పరువు పోతుందేమోనని టెన్షన్.

రుచి సంగతి కాసేపు పక్కన పెట్టండి. టెన్షన్ పడాల్సింది ఆ పది పన్నెండు మంది గురించి. నేనూ ఇలాగే మా నాన్నని, మా ఆవిడని, పిల్లల్ని, కాలేజీ స్నేహితుల్ని, వాళ్ల కుటుంబాల్ని వెంటబెట్టుకుని పాత హోటల్‌కి వెళ్లాను. ఆ పూట నాకు తెలిసింది ఏమిటంటే, చిన్న హోటల్లో ఒక్కడే కూర్చుని తినే భోజనం, పదిమందితో తినే భోజనం ఒకే వంటగది నుంచి వచ్చినా రెండూ వేరు. వంట మారనక్కర్లేదు. మంది పెరిగితే చాలు.

కారణం వంటగదిలోనే ఉంది. చిన్న హోటల్లో పొయ్యిలు కొన్నే, చేతులు కొన్నే. మీరు ఒక్కరే వెళ్లినప్పుడు మీరు చెప్పింది పొయ్యి మీదనుంచి దాదాపు నేరుగా మీ ముందుకొచ్చేది. మీకు గుర్తున్న రుచిలో సగం ఆ వేడిదే. పదిమంది పది రకాలు చెప్పి, అన్నీ ఒకేసారి కావాలంటే, ముందు తయారైనవి మిగతావాటి కోసం కాచుకుని ఉండాలి. మూత పెడితే ఆవిరి లోపలే నీరై కరకరలాడాల్సింది మెత్తబడుతుంది. మూత తీస్తే చల్లారుతుంది. నూనెలో వేగేవైతే ఇంకో తిప్పలు: మూకుడులో ఒక్కసారిగా ఎక్కువ వేస్తే నూనె వేడి పడిపోతుంది, అవి తేలి వేగాల్సింది పోయి నూనెలో నానుతాయి. వంటమనిషి చెయ్యి ఎంత మంచిదైనా దీన్ని ఆపలేడు. తిన్నవాళ్లు మాత్రం బయటికొచ్చి 'ఇదివరకటిలా లేదు' అంటారు.

అందుకే నా మొదటి సలహా: అందరికీ ఒకేసారి రావాలన్న పట్టుదల వదిలేయండి. తయారైనవి తయారైనట్టే తెచ్చేయమని ముందే చెప్పండి, మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకోండి. మేము అలాగే చేశాం. మర్యాద కోసం ఎదురుచూస్తూ కూర్చునే పెద్దవాళ్లకి మాత్రం 'మీరు కానివ్వండి, చల్లారిపోతుంది' అని రెండు మూడు సార్లు చెప్పాల్సి వచ్చింది. పది రకాలు కాకుండా, ఆ హోటల్ దేనికి పేరుపడిందో ఆ మూడు నాలుగే ఎక్కువెక్కువగా చెప్పండి. వంటగదికి తేలిక, మీకు వేడి దక్కుతుంది.

ఆర్డర్ చెప్పే పద్ధతిలో కూడా ఒక చిక్కు ఉంది. 2000లో డాన్ అరియెలీ, జొనాథన్ లెవావ్ అనే ఇద్దరు ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే బల్ల దగ్గరున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పైకి ఆర్డర్ చెప్పినప్పుడు, ముందువాళ్లు చెప్పింది కాకుండా వేరేది చెప్పడానికి మొగ్గుతారట. ఆ తర్వాత తాము ఎంచుకున్నదాని మీద వాళ్లకి తృప్తి తక్కువట, అందరికంటే ముందు చెప్పినవాళ్లకి తప్ప. ఇది చదివాక నాకు మా స్నేహితుల బృందమంతా కళ్ల ముందు కనిపించింది. 'వాడూ అదే చెప్పాడుగా, నేను ఇంకోటి చెప్తాలే' అనే మనిషి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. తర్వాత పక్కవాడి ప్లేటు వంక చూస్తూ ఉంటాడు. మీ హోటల్లో మీకు ప్రాణమైనదాన్ని మీరే ముందు గట్టిగా చెప్పేస్తే, మీ వెనక ఉన్నవాళ్లు మొహమాటానికి దాన్ని వదిలేస్తారు. కాబట్టి ఒకరే అందరి తరఫునా చెప్పడం మేలు. ఏం తినరో, ఏం పడదో ముందు రోజే అడిగి పెట్టుకోండి. అలర్జీల సంగతి మరీ ముఖ్యం, అది బల్ల దగ్గర గుర్తు చేసుకునే విషయం కాదు.

ఇప్పుడు చోటు సంగతి. నా లెక్కలో వంట కంటే ఇదే పెద్ద విషయం. చిన్న హోటల్లో పది పన్నెండు మంది అంటే నాలుగు బల్లలు జరిపి ఒక పొడుగాటి వరస చేస్తారు. చూడ్డానికి పండగలా ఉంటుంది. ఆ కొసన ఎవరున్నారో ఈ కొసకి తెలియదు. ఒకే సంభాషణలో సహజంగా ఇమిడేది నలుగురి దాకానే అని రాబిన్ డన్‌బార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1990ల్లో గమనించి రాశారు. ఐదో మనిషి చేరాడంటే కాసేపట్లో మాటలు రెండు పాయలవుతాయి. అంచేత పన్నెండు మందిని ఒకే వరసలో కూర్చోబెట్టినా జరిగేది మూడు వేరువేరు కబుర్లే. అది ఎలాగూ తప్పదు కాబట్టి దాన్ని మీరే తీర్చిదిద్దండి. పక్కపక్కనే మూడు బల్లలు చాలు. పాత స్నేహితులంతా ఒకచోట చేరి, కొత్తగా వచ్చిన వాళ్ల భార్యలో భర్తలో మరోచోట దిక్కులు చూస్తూ కూర్చోకుండా, ప్రతి బల్ల దగ్గరా ఆ హోటల్ తెలిసిన మనిషి ఒకరుండేలా చూడండి. మధ్యలో లేచి చోటు మార్చుకోవడం కూడా బాగుంటుంది. పొడుగు వరసలో అది కుదరదు, మధ్యలో ఇరుక్కున్నవాడు భోజనం అయ్యేదాకా అక్కడే.

పెద్దవాళ్లు ఉంటే శబ్దం గురించి ఆలోచించాలి. మా నాన్నకి వినికిడి కొంచెం తగ్గింది. ఇంట్లో అంతగా తెలియదు, నలుగురు ఒకేసారి మాట్లాడే చోట మాత్రం ఆయన నవ్వుతూ తలూపడం మొదలుపెడతారు. అంటే వినిపించడం లేదన్నమాట. చుట్టూ చప్పుడు పెరిగేకొద్దీ మనకు తెలియకుండానే గొంతు పెంచుతామని 1911లోనే ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు రాశారు. ఆయన పేరుమీదే దాన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటున్నారు. ఈ బల్లవాళ్లు గొంతు పెంచితే ఆ బల్లవాళ్లు ఇంకాస్త పెంచుతారు, హోటల్ అంతా సంతే. గుంపుగా వెళ్లిన మనమే ఆ సంతకి మొదటి కారణం, మళ్లీ 'ఇదివరకు ఎంత ప్రశాంతంగా ఉండేదో' అనేది కూడా మనమే. శబ్దం రుచిని కూడా దెబ్బతీస్తుంది. ఆండీ వుడ్స్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, చెవుల్లో హోరు గట్టిగా ఉన్నప్పుడు తిన్నవాళ్లకి తీపి, ఉప్పు తక్కువగా అనిపించాయి. ఎవరైనా 'ఉప్పు తగ్గించారా ఏమిటి' అంటే వంటమనిషిని అనే ముందు ఒకసారి చెవులు రిక్కించి చూడండి.

నాన్నని గోడవైపు, వంటగది తలుపుకీ గల్లా పెట్టెకీ దూరంగా కూర్చోబెట్టాం. వెనక గోడ ఉంటే ఒకవైపు చప్పుడు తగ్గుతుంది, ఎదుటివాళ్ల ముఖం కనిపిస్తూ ఉంటే మాట సగం పెదాల మీదే అర్థమవుతుంది. రద్దీ వేళకి కాస్త ముందే వెళ్లాం. వంటవాళ్లు అలిసిపోకముందు, హాలు నిండకముందు వెళ్తే చిన్న హోటల్ తన అసలు తీరులో కనిపిస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు కానీ గుంపుని ఆ వేళకి బయల్దేరదీయడమే పెద్ద యజ్ఞం.

రుచి దగ్గరికి వస్తాను. మారి ఉండొచ్చు. వంటమనిషి మారి ఉండొచ్చు, సరుకులు తెచ్చే చోటు మారి ఉండొచ్చు. మనమూ మారతాం. రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం నిజానికి వాసన, నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కుకి చేరేది. వయసు పైబడేకొద్దీ ఆ వాసన పసిగట్టే శక్తి తగ్గుతుంది. కాబట్టి ఇంట్లో పెద్దాయన 'మునుపటి ఘాటు లేదు' అంటే, పిల్లలు అదే వంటని 'బాబోయ్' అని నీళ్లు తాగుతుంటే, ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

అయితే మీరు పోగొట్టుకున్నది బహుశా రుచి కాదు, రెగ్యులర్ కస్టమర్ అనే హోదా. రే ఓల్డెన్‌బర్గ్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1989లో ఇలాంటి చోట్ల గురించి రాస్తూ, ఇల్లు ఒకటి, పని చోటు రెండు, ఈ హోటళ్లు, చావిళ్లలాంటివి మూడో చోటు అన్నారు. మూడో చోటుకి కళ తెచ్చేది రోజూ వచ్చే మనుషులే అని ఆయన వాదన. నాకైతే ఇది నూటికి నూరుపాళ్లు నిజమనిపిస్తుంది. ఒకప్పుడు లోపలికి అడుగుపెట్టగానే అడగకుండానే నీళ్లు వచ్చేవి, మీకు ఏది ఎలా కావాలో వాళ్లకి తెలుసు, మిగిలిన చివరిది మీకోసం పక్కన పెట్టేవాళ్లు. ఇప్పుడు గల్లా దగ్గరున్న కుర్రాడికి మీరు 'ఎంతమంది సార్' అని అడగాల్సిన మనిషి మాత్రమే. మా హోటల్లో కూడా పాత యజమాని లేరు, కొడుకు కూర్చున్నాడు. మా పేర్లు అతనికి తెలియవు. కానీ పాత సర్వర్ ఒకాయన నా స్నేహితుణ్ని చూసి, 'మీరు ఆ కిటికీ పక్కన కూర్చునేవారు కదూ' అన్నారు. ఆ మాటకి వాడు భోజనం అయ్యేదాకా నేల మీద లేడు. నన్ను గుర్తుపట్టలేదు, అది వేరే సంగతి.

మీతో వచ్చేవాళ్ల సంగతి కూడా చూడండి. వాళ్లకి ఈ హోదా ఎప్పుడూ లేదు, గుర్తులూ లేవు. మా ఆవిడ పెళ్లయినప్పటినుంచీ ఆ హోటల్ గొప్పలు వినీ వినీ ఉంది పాపం. తిన్నాక 'బాగుంది' అంది. అంతే. బాగుంది అంటే బాగుందనే, అక్కడితో ఆపేయాలి. 'బాగుందా, అంతేనా, ఇంకోసారి తిను' అని వెంటపడకూడదు. దారిలో వర్ణనలు తగ్గించండి. ఏం తింటామో కాకుండా అక్కడ ఎవరెవరు ఏం వెలగబెట్టారో చెప్పండి. మా పిల్లలు వంట గురించి ఇప్పుడు ఒక్క ముక్క ఎత్తరు, కానీ వాళ్ల నాన్న పరీక్ష తప్పి ఏ మూల బల్ల దగ్గర మొహం దాచుకున్నాడో బాగా గుర్తుంది. చెప్పింది నా స్నేహితుడే, ద్రోహి.

బిల్లు మాట బయల్దేరకముందే తేల్చుకోండి. అందరూ సమానంగా వేసుకుందాం అనుకుంటే ఏమవుతుందో చూడటానికి 2004లో ఒక అధ్యయనం వచ్చింది. ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్లోని ఒక రెస్టారెంట్లో ఆరుగురేసి కూర్చున్న బల్లల మీద చేసినది. ఎవరిది వాళ్లు కట్టే బల్లల కంటే సమానంగా పంచుకునే బల్లల దగ్గర ఎక్కువ ఆర్డర్ చేశారు. అందరికీ ఉచితం అన్న బల్లల దగ్గర ఇంకా ఎక్కువ. మీరు పిలిచారు కాబట్టి మీరే కడతానంటే ఒక్కముక్కలో చెప్పేయండి, గల్లా దగ్గర చేతులు పట్టుకుని పెనుగులాడటం ఆపండి. పంచుకోవడమైతే తక్కువ తినే పెద్దవాళ్లని, పిల్లల్ని లెక్కలోంచి తీసేయండి.

ఇన్ని చెప్పాను కదా, మరి పన్నెండు మందిని తీసుకెళ్లాలా వద్దా అంటే, చోటు బాగా చిన్నదైతే వద్దు. పూటకి ఆరుగురి చొప్పున రెండు పూటలుగా తీసుకెళ్లండి. లేదా అందరినీ ఒకసారి తీసుకెళ్లి, ఆ ప్రయాణంలోనే ఇంకో పూట మీరొక్కరే, లేదంటే మీతో అప్పట్లో అక్కడ కూర్చున్న ఆ ఒక్క స్నేహితుడితో వెళ్లిరండి. వీలైతే ఒంటరిగా వెళ్లేది ముందే పెట్టుకోండి. ఏం చెప్పాలో, ఏ బల్లలు జరపాలో తెలుస్తుంది, గుంపుగా వస్తున్నామని వాళ్లకి ముందే చెప్పినట్టూ ఉంటుంది. ముందస్తు బుకింగులు తీసుకోని చోటైనా, మాట చెప్పి వెళ్తే నాలుగు కుర్చీలు ఎక్కువ సర్దుతారు. వారంలో ఏ రోజు మూసేస్తారో కూడా అప్పుడే కనుక్కోండి, ఆ అలవాట్లు ఏళ్ల మీద మారిపోతుంటాయి.