బిడ్డా, నువ్వు మాత్రం చివర మాట్లాడు

బిడ్డా,

మొన్న ఫోన్‌ల ఏడ్సినంత పని చేసినవు. నేను అప్పుడేం చెప్పలే, నువ్వు ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర స్కూటీ పక్కకు ఆపి మాట్లాడుతుంటివి, సగం మాటలు బస్సు హారన్లకే పోయినయి. అందుకే నిమ్మళంగ కూసొని రాస్తున్న. ఫోన్‌లనే టైప్ చేస్తున్న, ఒత్తులు తప్పితే సర్దుకొని చదువుకో.

చెరువు కోసం నాలుగు దిక్కులోళ్లను కలిపినవు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్, బస్తీ మహిళా సంఘం, చేపల సొసైటీ, కాలేజీ పిల్లలు. ఇంతమందిని ఒక్క దగ్గరికి తెచ్చుడే పెద్ద పని, నాతోని అయ్యేది కాదు. రెండేండ్లు మంచిగనే నడిచింది. ఇప్పుడు ఆదివారం శ్రమదానం అంటే పదిమంది సుత వస్తలేరు, వాట్సాప్ గ్రూపుల గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప ఏం లేవు, ఎవర్నడిగినా "ఏం లేదక్కా, అంతా మంచిగనే ఉంది" అంటున్నరు అన్నవు. నాకు అదే భయమనిపించింది. లొల్లి పెట్టుకుంటే ఎక్కడ నొస్తుందో తెలుస్తది, మంచిగనే ఉంది అనెటోళ్లు అప్పటికే మనసుల చెప్పులు తొడుక్కున్నరని అర్థం.

ఒక్కటడుగుత, కోపం చేసుకోకు. ఈ రెండేండ్లల ఇన్ని పనులు చేసిన్రు గదా, పని అయినంక ఇంటికి పోకముందు అందరు కూసొని "ఇయ్యాల ఏమైంది" అని ఎన్నిసార్లు మాట్లాడుకున్నరు? వచ్చే వారం ఏం చేద్దాం అని మాట్లాడుడు వేరే, అది మీరు మస్తు చేస్తరు, ఎక్సెల్ షీట్ల రాసుకుంటరు గూడ. అయిపోయిన పని గురించి మాట్లాడుకునుడు మాత్రం నేనైతే మీ దగ్గర ఒక్కసారి సుత చూడలే. పని కాంగనే గ్రూప్ ఫొటో, సమోసా, ఎవరింటికి వాళ్లు.

పోయిన ఎండాకాలం గుర్రపుడెక్క తీసిన రోజు యాదుందా? నేను గూడ వచ్చిన. పిల్లలు మోకాళ్లదాక బురదల దిగి మూడు గంటలు గుంజిన్రు, నిజంగ కష్టపడ్డరు, వాళ్లనేం అంటలేను. తీసిందంతా కట్ట కింద వాలు దగ్గర కుప్ప పోసిన్రు. ఆ జాగల్నే సొసైటోళ్లు థర్మాకోల్ తెప్పలు ఒడ్డుకు గుంజుకుంటరు. వారం దినాలు అది మురిగి కంపు కొట్టింది, తెప్ప దించనీకి జాగ లేదు. ఆ తాత ఒకాయన నా పక్కన నిలబడి బీడీ ముట్టించుకొని "పోనీ లేమ్మా, సదువుకున్న పిల్లలు" అన్నడు. ఆ మాట ఎంత బరువున్నదో నాకు తెలుసు. నువ్వు గ్రూపుల ఫొటోలు పెట్టినవు, 40 మంది చప్పట్లు కొట్టిన్రు. తాతకు వాట్సాపే లేదు.

అదే రోజు కట్ట మీద కూసొని ఒక్క పావుగంట అడిగి ఉంటే, తాతను అడిగి ఉంటే, కుప్పను ట్రాక్టర్ పెట్టి పక్కకు కొట్టించేటోళ్లం. రెండు వేలు అయ్యేదేమో. ఇప్పుడు సొసైటోళ్లు మొత్తమే రావట్లే.

బస్తీ ఆడోళ్లు ఎందుకు తగ్గిన్రో సుత నాకు ఒకామె చెప్పింది, నీకు చెప్పదు, నీ మీద ప్రేమ ఉంది గాబట్టే చెప్పదు. కాలేజీ పిల్లలు ఫోన్ల మ్యాప్ పెట్టుకొని చెరువు చుట్టు తిరిగి ఫొటోలు తీసిన్రు గదా, ఏదో ప్రాజెక్టని. 2024ల హైడ్రా అని సర్కారు సంస్థ వచ్చి చెరువు జాగల కట్టినయి కూలగొట్టుడు మొదలువెట్టినంక ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు, బఫర్ అంటే ఆ హద్దు బయట ఏం కట్టొద్దనే జాగ, ఈ మాటలు బస్తీల చిన్నపిల్లలకు సుత వచ్చినయి. పది హెక్టార్లు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు బఫర్ అని వాళ్లు అడుగులేసి కొలుచుకొని చూసుకున్నరు. ఆ టైంల ఒక పిల్లగాడు వచ్చి ఇంటి గోడ ఫొటో తీస్తే ఏమనుకుంటరు చెప్పు. మా ఇండ్లు రాసుకపోతున్నరు, ఈ అక్కనే రాయిస్తుంది అనుకున్నరు. నువ్వు చెరువు బాగుపడాలె అంటున్నవు, ఆమెకు అది ఇల్లు పోతది అని వినవడ్తుంది. మీరిద్దరు పక్కపక్కన నిలబడి ఒకే చీపురు పట్టుకున్నరు, గానీ మనసులున్న చెరువు ఒక్కటి గాదు.

ఇది నీ ఒక్కదాని తప్పు గాదు. నేను చేసిన తప్పు చెప్పుత, ఇప్పటిదాక నీకు చెప్పలే.

శానా ఏండ్ల కింద మా బస్తీల నల్లా నీళ్లు పసుపుపచ్చగ వచ్చేటియి, పైపు మోరీల నుంచి పోయింది గాబట్టి. పిల్లలకు కక్కుడు, బేదులు. ఒకామె, ఇండ్లల్ల పనికి పోయెటామె, రోజు పొద్దున తన నల్లా నీళ్లు సీసాల పట్టుకొని ఆఫీసుకు పోయి టేబుల్ మీద పెట్టేది. పదకొండు రోజులు పోయింది. పన్నెండో రోజు ఇంజనీర్ వచ్చి తవ్వి చూసిండు, కొత్త లైన్ వేసిన్రు. పేపర్ల మా ఫొటో వచ్చింది, నాది, ఇంకో సార్‌ది, చేతుల దరఖాస్తు పట్టుకొని. ఆమె లేదు, ఆ టైంల పనికి పోయింది. మేం పేపర్ కటింగ్ ఫ్రేం కట్టించి కమ్యూనిటీ హాల్ల పెట్టినం. ఆమె మెల్లగ రావుడు మానేసింది. పిల్ల పెండ్లి పనులున్నయేమో అనుకున్న, నిజంగ అట్లనే అనుకున్న. ఎనిమిది నెలలైనంక ఒక దావత్‌ల పక్కపక్కన కూసున్నం, బగారా అన్నం తినుకుంట తల ఎత్తకుండ అన్నది, "టీచరమ్మా, ఆ సీసా నాదే గదా."

అంతే. ఇంకేం అనలే. ఆ ఫ్రేం ఇంకా ఆడ్నే ఉన్నది, నేను ఆ హాల్లకు పోతే దాని దిక్కు చూడ.

పైపు వచ్చిన రోజే అందర్ని కూసోబెట్టి "ఈ పని ఎవరి వల్ల అయింది, ఎట్ల అయింది" అని ఒక్క మాట అడిగి ఉంటే సీసా ముచ్చట బయటికొచ్చేది. గెలిచిన రోజు ఎవరు అడుగుతరు చెప్పు, ఓడిపోతేనే గదా పంచాయితీ పెట్టుకునేది. నేనైతే గెలిచిన రోజే ఎక్కువ అవసరం అంట, ఆ రోజే పేర్లు మాయమైతయి.

మన దిక్కు ఇది కొత్త సంగతేం గాదు. నేను కొత్తగ టీచర్ అయిన రోజులు, నెల్లూరు జిల్లాల 1991ల అక్షరాస్యత ఉద్యమం మొదలువెట్టిన్రు. రాత్రి బడిల ఆడోళ్లు అక్షరాలు నేర్సుకుంట, వాచకంల సారా వల్ల పాడైన సంసారం కథ చదివిన్రు. చదివి ఊకోలే, ఇది ఎవరింటి కథ, మన ఊర్ల ఎందుకిట్ల అయితుంది, కూలి పైసలు ఎటు పోతున్నయి అని మాట్లాడుకున్నరు. దూబగుంట ఊర్ల సారా దుకాణం మూయించిన్రు, అందుల ముందు నడిచిన రోశమ్మ పేరు నువ్వు వినే ఉంటవు. ఊరూరికి పాకింది, సారా దుకాణాల వేలం పాటలు ఆపిన్రు, 1993 అక్టోబర్ 1 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995ల సంపూర్ణ మద్యనిషేధం దాక పోయింది, 1997ల మళ్ల ఎత్తేసిన్రు అనుకో, అది వేరే కథ. అందరు ధర్నాల గురించే చెప్తరు గానీ నాకు మాత్రం ఆ రాత్రి బడే కండ్లముందు మెదులుతది. పగలంతా కూలి చేసొచ్చి, చాప మీద కూసొని, మనకేమైతుంది అని ఒకర్నొకరు అడుగుకున్న ఆడోళ్లు.

సరే, ఎట్ల చేయాలె అంటవు.

ముందుగాల జాగ మార్చు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌ల మీటింగ్ పెట్టకు. ఏసీ ఉంటది, కుర్చీలుంటయి, బిస్కెట్లుంటయి, కానీ గేట్ కాడ వాచ్‌మన్ బస్తీ ఆడోళ్ల పేర్లు రాయించుకొని "ఏ ఫ్లాట్‌కు పనికొచ్చిన్రు" అని అడుగుతడు. అది దాటి లోపలికొచ్చిన మనిషి ఏం మాట్లాడుతది? కట్ట మైసమ్మ గుడి పక్కన యాపచెట్టు ఉంది గదా, ఆడ జంఖానా పరువు, అందరు కిందనే. మోకాళ్లు నొచ్చెటోళ్లకు ఒక స్టూలు. నల్లా వచ్చే టైంల మాత్రం పెట్టకు, నీళ్లు ఇడిసిపెట్టి ఎవరు రారు, వాళ్ల గల్లీకి ఏ రోజు ఎన్నింటికి వస్తయో ముందు కనుక్కో.

ప్రశ్నలు ఎక్కువొద్దు. అమెరికా మిలిటరోళ్లు ట్రైనింగ్ అయినంక ఇట్ల కూసుంటరట, ఏం కావాలనుకున్నం, ఏమైంది, ఎందుకు తేడా వచ్చింది, మళ్లేం చేద్దాం అని నాలుగు ప్రశ్నలు, ఆఫీసర్ సిపాయి అని లేకుండ అందరు మాట్లాడాలెనట. మనకు మిలిటరీతోని ఏం పని గానీ ప్రశ్నలు మాత్రం పనికొచ్చేటియే. మనోళ్లు రెండోదాన్ని దుంకి మూడోదానికి పోతరు, ఏమైందో పూర్తిగ చెప్పకముందే "నీ వల్లనే" అని మొదలైతది. అందుకే మొదటి పావుగంట ఎందుకు అన్న మాటే రానియ్యకు. కండ్లతోని చూసింది, చెవులతోని విన్నది, గంతే చెప్పాలె. నేను దానికి ఇంకోటి కలుపుకున్న: ఇయ్యాల ఎవరు రాలే? రానోళ్లే అసలు సంగతి చెప్తరు. ఒకర్ని వాళ్లింటికి పంపు, నువ్వు పోకు, నువ్వు పోతే చాయ్ పోసి మంచిగనే ఉందంటరు.

ఇగ నీకు అన్నిట్ల కష్టమయ్యేది ఇది. నువ్వు చివర మాట్లాడాలె. నువ్వు మంచిగ మాట్లాడతవు, అదే గోస. నువ్వు ఫస్ట్ మాట్లాడితే తర్వాతోళ్లంతా "అక్క చెప్పిందే" అంటరు. అసోసియేషన్ ప్రెసిడెంట్ సార్‌కు గూడ ముందే చెప్పి పెట్టు, ఆయన మంచోడే, కానీ పాపం రిటైరైనంక వినెటోళ్లు దొరకలే ఆయనకు. అందరికన్న తక్కువ మాట్లాడే మనిషితోని మొదలువెట్టు. ప్రశ్న అడిగినంక సప్పుడు లేకుంటే భయపడి నువ్వే జవాబు చెప్పకు, మనసుల ఇరవై దాక లెక్కపెట్టు. నేను ముప్పై ఏండ్లు క్లాసుల చేసిన పని ఇది, పదిహేను దాటినంక ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటరు. మన దగ్గర సగంమందికి ఉర్దూల మాట్లాడుడే అలవాటు, వాళ్లను తెలుగుల చెప్పమని ఇబ్బంది పెట్టకు, వాళ్లు వాళ్ల మాటల చెప్తరు, సమజ్ గానోళ్లకు పక్కనున్నోళ్లు చెప్తరు.

మాటల్ల చెప్పలేనోళ్ల కోసం చింతగింజలు. నవ్వకు. మా సంఘంల ఒకసారి నాలుగు గిన్నెలు పెట్టి నాలుగు పనుల బొమ్మలు గీసి, మనిషికి ఐదు గింజలిచ్చి, మీకు ఏది ముందు కావాలో దాంట్ల వేయిన్రి అన్నం. మేం లీడర్లమంతా మోరీ పని ఫస్ట్ వస్తదనుకొని దరఖాస్తు సుత రాసి పెట్టుకున్నం. గిన్నెలు చూస్తే వీధి లైటు గిన్నె పొంగిపోయింది. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పిన్రు, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలను ఆ సందుల ఎవరో సతాయిస్తున్నరట, నాలుగు నెలల సంది. నాలుగు నెలలు మేం వారం వారం మీటింగ్ పెట్టినం, ఒక్కరు నోరిప్పలే. మగోళ్ల ముందట ఎట్ల చెప్తరు. గింజ వేసుడు అలకగ అయింది.

పైసలిచ్చే సంస్థోళ్లు వచ్చిన రోజు ఇది పెట్టుకోకు. వాళ్ల ముందట ఎవరు నిజం చెప్పరు, చెప్పుడు గూడ తప్పే అనిపిస్తది జనాలకు. వాళ్లకు రిపోర్టు కావాలె, అది వేరే రాసియ్యి. మన తీర్మానాల పుస్తకం వేరే. దాంట్ల సుత పేజీలు పేజీలు రాయకు, ఒక్కసారి కూసున్నందుకు ఒక్క మాట రాయి, మేం ఇది మారుస్తం అని, ఎవరు చేస్తరో పేరు, ఏ తారీఖు దాక. మళ్లసారి జంఖానా పరవంగనే ముందు అది చదువు. చేయకుంటే చేయలే అని రాయి, మనిషిని మాత్రం గల్లా పట్టకు.

ఫస్ట్ రెండుసార్లు చెత్తగ అయితది, ముందే చెప్తున్న. ఒకరు ఏడుస్తరు, ఒకరు లేచి పోతరు, ప్రెసిడెంట్ సార్ వాకింగ్ ట్రాక్ గురించే మాట్లాడుతడు, ఫెన్సింగ్ అంటడు, ఫెన్సింగ్ వేస్తే మేమెట్ల దిగాలె అని సొసైటోళ్లు లేస్తరు. లేవనీ. రెండేండ్లు కడుపుల పెట్టుకున్న మాట అది, వాట్సాప్‌ల రాదు, జంఖానా మీదనే రావాలె. ఆ రోజు నువ్వు తీర్పు చెప్పాలని చూడకు. నీ మీద గూడ ఒకరిద్దరు అంటరు, ఆ ఇండ్ల ఫొటోల ముచ్చట వస్తది. "లేదు లేదు, నా ఉద్దేశం అది గాదు" అని మొదలువెట్టకు, విను, ఇంటికొచ్చినంక నాకు ఫోన్ చేసి ఎంత ఏడుస్తవో ఏడువు.

మొదలు మాత్రం తాత దగ్గర్నుంచి పెట్టు. మీటింగ్‌కు ముందే పోయి, గుర్రపుడెక్క కుప్ప మా తప్పే తాతా, మళ్ల తీసినప్పుడు ఎక్కడ పొయ్యాలె అని అడుగు. ఆయన బీడీ అయిపోయేదాక నిలబడు.

వచ్చే ఆదివారం నేను గూడ వస్త, ఆటోల వస్త గాబట్టి ఏడున్నర దాటుతదేమో. నన్ను ముందట కూసోబెట్టి "టీచరమ్మ రెండు మాటలు చెప్తది" అనకు, వెనక యాపచెట్టు కాడ కూసుంట. గింజలు కొనకు, మా ఇంట్ల డబ్బ నిండ ఉన్నయి, నేనే తెస్త. నువ్వు జంఖానా చూసుకో, పోయినసారిది చినిగిపోయింది.

మీ టీచరమ్మ