అమ్మ గురించి రాయమంటే చెయ్యి ఆడటం లేదు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా, గజపతినగరం దగ్గర పల్లె. నా వయసు 37. అమ్మ ప్రాథమిక పాఠశాల టీచరుగా రిటైరై, పోయిన ఏడాది కాలం చేసింది. వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజు బడిలో సభ పెట్టి, చిన్న పుస్తకం వేద్దామని అన్నయ్య పట్టుదల. నన్నూ రాయమన్నాడు. పెన్ను పడితే కోపమే వస్తోంది. నాలుగో తరగతిలో నేను అమ్మ దగ్గరే చదివాను. అక్కడ ‘అమ్మా’ అంటే పలికేది కాదు, ‘టీచర్’ అనాలి. నా క్యారేజీలో ఉప్మా ఇంకో పిల్లకు పెట్టేసేది. బడి అయ్యాక నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఇల్లిల్లూ తిరిగేది. పెద్దకర్మ రోజు ఎవరెవరో వచ్చి ‘మాయమ్మే ఎలిపోనాది’ అని ఏడుస్తుంటే నాకు కన్నీరు రాలేదు. రోజూ పొద్దున్నే అమ్మనూ నన్నూ సైకిల్ మీద బస్సు దాకా దింపిన నాన్న, ఇప్పుడు అమ్మ బీరువాకు తాళం వేసి ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. నేను మంచి కూతురిని కానా?

జవాబు: అలా అనుకోకండి. తల్లి అక్కర్లేని వాళ్లకు నాలుగో తరగతి నాటి ఉప్మా ఇన్నేళ్లు గుర్తుండదు. పదిమంది ముందు కన్నీరు రాకపోవడం కూడా తప్పు కాదు. చాలామందికి దుఃఖం చుట్టాలంతా వెళ్లిపోయాక, ఏ పని మధ్యలోనో వస్తుంది.

మీ వయసును బట్టి మీరు నాలుగో తరగతి చదివింది 1997 ప్రాంతంలో. అప్పటికి మన బడుల్లో వండిపెట్టే మధ్యాహ్న భోజనం లేదు. అది 2003 జనవరిలో మొదలైంది. అంతకుముందు ఉన్నది, 1995లో వచ్చిన కేంద్ర పథకం కింద పిల్లకు నెలకు 3 కిలోల బియ్యం. అదీ హాజరు 80 శాతం ఉంటేనే. ఆ హాజరుపట్టీ మీ అమ్మగారి చేతిలో ఉండేది. వరి కోతలకో, గోగునార పనులకో, చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికో ఓ పిల్ల బడి మానేస్తే చదువుతో పాటు ఆ ఇంటికి బియ్యమూ ఆగిపోతాయి. ఒక టీచరు సాయంత్రం ఇల్లిల్లూ తిరగడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. మీ అమ్మగారు అందుకే తిరిగారో లేదో ఆ ఊళ్లో అడిగితే తెలుస్తుంది.

ఇది చెప్పి మీ బాధను కొట్టిపారేయడం లేదు. ఆవిడ కారణం ఎంత గొప్పదైనా, అరుగు మీద కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్లకు ఆకలేసింది, అమ్మ కావాలనిపించింది. సొంత పిల్లని ముద్దు చేస్తోందన్న మాట పడకూడదని, టీచర్లైన తల్లులు చాలామంది తమ పిల్లల దగ్గరే ఎక్కువ కటువుగా ఉంటారు. నా దగ్గరికొచ్చే టీచర్ల పిల్లలు ఈ మాట చెప్పుకుని ఏడుస్తారు. మీరు ఒంటరి కాదు.

అందుకని మెచ్చుకోళ్లు రాయకండి. అవి అన్నయ్య రాస్తారు, సభలో పెద్దలు చెబుతారు. మీరు ఉప్మా గురించి రాయండి, ‘టీచర్’ అని పిలవాల్సి వచ్చిన మొదటి రోజు రాయండి. కోపం ఉంటే ఉండనివ్వండి. ఆవిడ శిష్యులెవరూ రాయలేని పేజీ అది. ఎవరైనా తీసేయమంటే, మీ పేరుతో వచ్చే పేజీలో మీ మాటే ఉండాలని నెమ్మదిగా చెప్పండి.

రాసేముందు ఇద్దరు ముగ్గుర్ని కలవండి. బడిలో ఆయా, అదే బస్సులో వచ్చిన తోటి టీచరు, మీ ఉప్మా తిన్న ఆ పిల్ల. ఆమె ఇప్పుడు పిల్లల తల్లి అయి ఉంటుంది. ‘అమ్మ ఎలాంటి మనిషి’ అని అడిగితే అందరూ దేవత అనే అంటారు. మధ్యాహ్నం తను ఏం తినేది, ఎవరి మీద కోప్పడేది, జీతం ఆలస్యమైన నెల ఎలా గడిపేది అని అడగండి. నా గురించి ఎప్పుడైనా ఏమైనా అనేదా అనీ అడగండి. మీరు ఆశించిన జవాబు రాకపోవచ్చు, అయినా అడగండి.

నాన్నగారి సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. అన్నేళ్లు పొద్దున్నే భార్యనూ కూతుర్నీ సైకిలెక్కించిన మనిషికి ఆ వేళకి ఇప్పుడు పనేమీ లేదు. బీరువా జోలికి వెళ్లకండి, సంవత్సరీకానికి దాన్ని ఖాళీ చేయాలన్న నియమమేమీ లేదు. ఫ్యామిలీ పెన్షన్‌కి ఇంకా దరఖాస్తు పెట్టకపోతే మాత్రం పెన్షన్ కాగితాలు ఆయన చేతే తీయించండి. పెన్షన్ తీసుకునే భార్య పోతే భర్తకు అది వస్తుంది. చీరల మాట ఎత్తకండి. వానాకాలం బురదలో సైకిల్ ఎలా నడిపేవాడివి నాన్నా, నేను ముందు కడ్డీ మీద నిద్రపోయేదాన్నా అని అడగండి. ఆయన చెప్పిందీ పుస్తకంలో వేయండి. ఆవిడ బడికి వెళ్లగలిగింది ఆ సైకిల్ మీదే కదా.

ఆయన అన్నం మానేస్తున్నా, నిద్రపోకపోయినా, నేనూ పోతే బాగుండు అన్నా వచ్చే నెల దాకా ఆగొద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి. మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. మీకు కావాలన్నా అదే నంబరు.

ముందు తోటి టీచరు గారికి ఫోన్ చేయండి. సభ రోజు జనంలో ఆవిడతో రెండు మాటలు కూడా కుదరవు.