మైక్రోవేవ్ కొనే ముందు పాపకో ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి పాపకు, చిత్తూరు నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్‌లో మైక్రోవేవ్ ఓవెన్ కొంటున్నామన్నావు. అల్లుడు రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి అన్నం చల్లారిపోతోంది. మీ అత్తగారు కుడిచేతికి పుత్తూరు కట్టు వేయించుకుని పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నారు. ఈ రెండు సంగతులూ విన్నాక ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. మా ఇంట్లో పదిహేడేళ్లుగా వాడుతున్నాం, ఇప్పుడున్నది రెండోది. మొదటిదాని విషయంలో నేను తెలియక చేసిన పొరపాట్లు నువ్వు చేయకూడదు.

అంగట్లో మూడు రకాలుంటాయి. సోలో వేడి చేయడానికి, చిన్నాచితకా వంటకు. గ్రిల్‌లో అదనంగా కాయిల్ ఉంటుంది, పైభాగం ఎర్రగా కాలుతుంది. కన్వెక్షన్‌లో హీటరు, ఫ్యాను కలిసి వేడిగాలి తిప్పుతాయి కాబట్టి కేకులు, బిస్కెట్లు చేసుకోవచ్చు. అంగట్లో అబ్బాయి నిన్ను తిన్నగా కన్వెక్షన్ దగ్గరికే తీసుకుపోతాడు. ధర సోలోకి దాదాపు రెట్టింపు. నేనూ అట్లాగే 28 లీటర్లది కొన్నాను. అది ఉన్న ఎనిమిదేళ్లలో కేకు చేసింది ఐదారుసార్లు. మిగతా రోజులన్నీ అన్నం, పప్పుచారు, పాలు వేడి చేయడమే. అందుకే రెండోసారి 20 లీటర్ల సోలో తెచ్చుకున్నాను, ఏ లోటూ లేదు.

నీకు బేకింగ్ మీద నిజంగా ఇష్టముంటే కన్వెక్షనే తీసుకో, నేను వద్దనను. ఒక వారం మాత్రం వంటింటి క్యాలెండర్ మీద, ఈ పూట మైక్రోవేవ్ ఉంటే దేనికి వాడేదాన్ని అని రాసుకుంటూ రా. వారం తర్వాత ఆ కాగితం చూస్తే ఏది కొనాలో నీకే తెలుస్తుంది. రెండు వందల ఆటో మెనూలున్నాయని చెప్పినా పట్టించుకోవద్దు. నేను ఇన్నేళ్లలో వాడింది టైమ్, పవర్, ఎప్పుడైనా డీఫ్రాస్ట్.

అంగడికి వెళ్లేలోపు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి వంటింటి సాకెట్ చూపించు. తిరుపతి కొర్లగుంటలో మీ ఇల్లు పాతది. 6 ఆంప్స్ సాకెట్ 230 వోల్టుల దగ్గర మోయగలిగేది 1380 వాట్లే. సోలో ఒక్కటే సుమారు 1200 లాగుతుంది, కన్వెక్షన్ అయితే 2000 దాటే మోడళ్లూ ఉన్నాయి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 800 వాట్స్ అని ఉంటే అది ఆహారానికి అందే శక్తి. గోడలోంచి లాగేది ఎంతో వెనక స్టిక్కర్ మీద ఉంటుంది, అదీ చదువు. మా మొదటి ఓవెన్ పెట్టిన రోజు, వచ్చినతను సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించి పోయాడు. వారానికల్లా ప్లగ్గు కరిగి వాసనొచ్చింది. ఏ రకం కొన్నా ఎర్త్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్ దానికంటూ విడిగా ఉండాలి. ఇంటి ఓనరుతో మాట్లాడి వేయించుకో. కరెంటు బిల్లు గురించి టెన్షన్ వద్దు. సోలోను ఐదేసి నిమిషాల చొప్పున పదిసార్లు వాడితే సుమారు ఒక యూనిట్.

ఎక్కడ పెడతావన్నది మీ అత్తగారిని దృష్టిలో పెట్టుకుని ఆలోచించు. చోటు లేదని మేము ఫ్రిజ్ మీద పెట్టాం. మా అత్తగారు ఒకరోజు చేతులు పైకెత్తి సాంబారు గిన్నె దించబోతే ఒలికి ముంజేయి కాలింది. ఆ మచ్చ ఆమె పోయేవరకూ ఉంది. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది. అందుకే మోచేతి ఎత్తులో గట్టి బల్ల మీద పెట్టు, పక్కనే గిన్నె దించుకోవడానికి జానెడు చోటు వదులు. తలుపు ఎడమవైపుకు తెరుచుకుంటుంది కాబట్టి ఆ వైపు గోడ అడ్డం రాకుండా చూసుకో. గాలి ఆడే చోటు పైనా వెనకా ఎంత వదలాలో ఓవెన్‌తో పాటు వచ్చే పుస్తకంలో ఉంటుంది. తిరుపతి ఎండలకు అది మరీ ముఖ్యం.

ఒంటిచేత్తో వాడాలి కదా ఆమె, నొక్కితే తలుపు తెరుచుకునే బటన్ ఉన్నది చూడు. పిడి పట్టి లాగేదైతే బరువు తక్కువ ఓవెన్ ముందుకు జరిగిపోతుంది. టచ్ ప్యానెల్ కన్నా రెండు తిరుగుడు బిరడాలున్న మోడల్ నయం. ఒకటి పవర్‌కు, ఒకటి నిమిషాలకు. కళ్లద్దాలు లేకపోయినా తిప్పుకోగలరు.

సైజు లీటర్లలో చెప్తే ఇంట్లో గిన్నెలు పడతాయో లేదో తెలియదు. నువ్వు రోజూ వాడబోయే గాజు గిన్నె ఒకటి సంచిలో వేసుకుని వెళ్లి, లోపలి గాజు పళ్లెం మీద పెట్టి చేత్తో తిప్పి చూడు. గోడకు తగలకూడదు.

గిన్నెల ఖర్చు కూడా ముందే లెక్కవేసుకో. మన వంటిళ్లన్నీ స్టీలే. మైక్రోవేవ్‌లో స్టీలు పనికిరాదు, నిప్పురవ్వలు వస్తాయి. బంగారు అంచున్న పింగాణీ పళ్లేలూ అంతే. ప్లాస్టిక్ లాంటి మెలమైన్ పళ్లేలు అసలు వద్దు. బోరోసిల్ లాంటి గాజు గిన్నెలు మూతలతో మూడు, చెవులున్న పింగాణీ కప్పులు రెండు చాలు. మీ అత్తగారికి కాఫీ స్టీలు గ్లాసులోనే అలవాటు. కప్పులో వేడి చేసి గ్లాసులో పోసుకోమని మొదటిరోజే చూపించు.

ఆమెకు రేడియేషన్ భయం ఉందన్నావు. ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో ఫిజిక్స్ చెప్పినదాన్ని, నా మాటగా వదినగారికి చెప్పు. ఓవెన్‌లో వేడి చేసే తరంగాల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. తలుపు అద్దంలోని ఇనుప జల్లెడ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు. అంత పెద్ద తరంగం ఆ చిన్న రంధ్రంలోంచి బయటికి రాలేదు. వెలుగు తరంగాలు చాలా చిన్నవి కాబట్టి లోపలున్నది మనకు కనిపిస్తుంది. తలుపు తీయగానే ఓవెన్ తరంగాలు ఆగిపోతాయి, అన్నంలో ఏమీ మిగలవు. అన్నంలో ఉన్న నీటిని కదిలించి వేడెక్కిస్తాయి, అంతే. అందుకే రాగి సంగటి మీద కాసిని నీళ్లు చిలకరించి మూత పెడితే మెత్తగా వేడెక్కుతుంది. వడ మాత్రం కరకరలాడదు, మెత్తబడి సాగుతుంది, దాన్ని పెనం మీదే వేడి చేసుకోవాలి. గుడ్డు పెంకుతో పెడితే పేలుతుంది. ఖాళీగా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయకు, లోపల తరంగాలు పుట్టించే భాగం, మాగ్నెట్రాన్, పాడవుతుంది.

సర్వీసు మనిషి ఊళ్లో ఉన్నాడో లేదో కనుక్కున్నాకే కంపెనీ ఎంచుకో. మా మొదటిదాని ప్యానెల్‌లో బొద్దింకలు దూరి మూలపడితే మనిషి రావడానికి మూడు వారాలు పట్టింది. తిరుపతిలో మీకు ఆ ఇబ్బంది తక్కువే. అయినా ఆన్‌లైన్ ధర చూసుకుని, గాంధీ రోడ్డు వైపు రెండు మూడు అంగళ్లు తిరిగి, వారంటీలో మాగ్నెట్రాన్‌కు ఎన్నేళ్లో కాగితం మీద రాయించుకో.

డబ్బు కట్టే ముందు వెనక స్టిక్కర్ ఫోటో, మీ సాకెట్ ఫోటో నాకు పంపు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ