రెండు రోజుల అల్ట్రాసౌండ్ వర్క్‌షాప్ చేశాను. ఎమర్జెన్సీలో పనిచేసేవాళ్లకు ఇంకా అల్ట్రాసౌండ్‌లో పీజీ కోర్సు అవసరమా?

అవసరమే. ఈ ప్రశ్న ఒకప్పుడు నేనూ అడిగినదే, అదీ కొంచెం వెటకారంగా. ఎందుకు మారానో చెప్పాలంటే ఒక రాత్రి సంగతి చెప్పాలి.

వర్క్‌షాప్ అయిన మూడో వారం, నైట్ డ్యూటీ. డెబ్బై దాటిన పెద్దాయన ఎడమ నడుము నొప్పితో వచ్చారు. కిడ్నీలో రాయే అనుకున్నాం అందరం. ఆ వయసులో రాయి నొప్పిలా కనిపించేది ఒక్కోసారి అయోర్టా (గుండె నుంచి రక్తాన్ని ఒంటికి తీసుకెళ్లే పెద్ద ధమని) ఉబ్బు కావచ్చని వర్క్‌షాప్‌లో చెప్పారు కాబట్టి ప్రోబ్, అంటే ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరం, పెట్టాను. తెర మీద నల్లగా, గుండ్రంగా ఒక గొట్టం. కొలిస్తే 1.9 సెంటీమీటర్లు. 3 సెంటీమీటర్లకు చేరితే కదా ఉబ్బు అనేది! ‘అయోర్టా నార్మల్’ అని కేస్ షీట్‌లో రాసి సంతకం పెట్టాను. ఆ సంతకంలో ఉన్న ధీమా తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఏదో మంచి గడియలో ఆ బొమ్మ సేవ్ చేశాను. అప్పుడే డ్యూటీకి వచ్చిన సీనియర్ మేడమ్ చూసి ఒకటే అడిగారు: “వెన్నుపూస ఏది బాబూ?”

నేను నీళ్లు నమిలాను. ఆవిడే ప్రోబ్ అందుకుని, “తాతగారూ, కాస్త నొక్కుతాను, ఓర్చుకోండి” అంటూ పేగుల్లోని గాలి పక్కకు తప్పుకునేదాకా నిదానంగా నొక్కి పట్టుకున్నారు. ముందు తెల్లటి వంపు గీత, దాని కింద చీకటి నీడ కనిపించాయి. వెన్నుపూస అది. దానికి పేషెంటు కుడి పక్కన, ఊపిరితో పాటు సైజు మారుతూ పల్చటి గోడల గొట్టం ఒకటి ఉంది. నేను కొలిచింది దాన్నే. అది ఐవీసీ, గుండెకు రక్తాన్ని తిరిగి తీసుకెళ్లే పెద్ద సిర. అసలు అయోర్టా ఎడమ పక్కన, నేను గ్యాస్ అనుకుని వదిలేసిన చోట ఉంది. బయటి గోడ నుంచి బయటి గోడకు 6.2 సెంటీమీటర్లు. ఆ పూటే ఆపరేషన్ జరిగింది, పెద్దాయన బతికారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

వర్క్‌షాప్‌లో మా ముందు పడుకున్నవాళ్లంతా సన్నగా, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు. ప్రోబ్ ఎక్కడ పెట్టినా అవయవం అద్దంలో చూసినట్టు కనిపించేది. పొట్ట ఉబ్బినవాళ్లు, వెల్లకిలా పడుకోలేనివాళ్లు, నొప్పితో చేయి తోసేసేవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. ఫొటోలు మాత్రం బోలెడు తీశారు.

అందుకే మరుసటి ఏడాది పీజీ కోర్సులో చేరాను. మొదట్లో ఫిజిక్స్ చెబుతుంటే సణుక్కున్నాను. తర్వాత అర్థమైంది. శబ్దం ఒంట్లో ఎక్కడైనా సెకనుకు 1540 మీటర్ల వేగంతో, నేరుగా వెళ్లి నేరుగా వస్తుందని అనుకుని యంత్రం బొమ్మ గీస్తుంది. ఒళ్లు ఆ మాట వినదు. డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కిందుండే కండరపు పొర) దగ్గర శబ్దం అద్దంలోలా తిరిగొచ్చి, లివర్ ఊపిరితిత్తుల చోట కూడా ఉన్నట్టు చూపిస్తుంది. మా బ్యాచ్‌లోని ఫిజియోథెరపిస్ట్ ఒకరోజు నా భుజం మీదే ప్రోబ్ కొంచెం వాల్చి, బాగున్న టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తెగినట్టు నల్లగా ఎలా కనిపిస్తుందో చూపించాడు. నాకు నిజంగానే భయమేసింది. ఇక చేతి నేర్పులో ఒక మిడ్‌వైఫ్ మా డాక్టర్లందరినీ దాటేసింది. ఇది డాక్టర్ల సొత్తు అనేవాళ్లను ఆవిడ పక్కన ఒక్క గంట కూర్చోబెట్టాలి.

లాగ్‌బుక్ (చేసిన స్కాన్లన్నీ రాసుకునే పుస్తకం) గురించి అందరూ అంకెలే అడుగుతారు. అమెరికా ఎమర్జెన్సీ వైద్యుల సంఘం మార్గదర్శకాల్లో ఒక్కో రకం స్కాన్‌కు 25 నుంచి 50 అని ఉంటుంది, అవీ ఇంకొకరు సరిచూసినవి. జనం 25 గుర్తుపెట్టుకుని ‘సరిచూసినవి’ మర్చిపోతారు. ఎవరూ చూడకుండా 200 స్కాన్లు చేస్తే నేను 200 సార్లు ఐవీసీనే కొలిచేవాణ్ని.

పనిలో పనిగా ఇంకో మాట. స్కాన్ అయ్యాక ప్రోబ్ తుడవకుండా, జెల్ ఎండబెట్టి వెళ్లిపోయేవాళ్లు, మెషీన్ చక్రాలను కేబుల్ మీదుగా పోనిచ్చేవాళ్లు ఏ కోర్సు చేసినా మారరు. స్కాన్ చేసి బొమ్మ సేవ్ చేయనివాళ్ల మీద అంతకంటే కోపం నాకు. తప్పు దొరకకుండా జాగ్రత్తపడటం తప్ప మరేమిటి అది?

కోర్సు ఎంచుకునే ముందు సిలబస్ పక్కన పెట్టి వాళ్లకు ఫోన్ చేయండి. నేను తీసిన బొమ్మలు ఎవరు చూస్తారు, ఎన్ని రోజుల్లో చూసి చెబుతారు అని అడగండి. “అన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయండీ” అంటే మర్యాదగా పెట్టేసి, ఇంకో చోటికి చేయండి.