జావా 21, పైథాన్ 6: ఆ టేబుల్ అప్పుడే పంపకు

మారతహళ్లి, బెంగళూరు

బుజ్జమ్మా,

మొన్న ఆదివారం భోజనాల దగ్గర నువ్వు లాప్‌టాప్ తెరిచి చూపించిన టేబుల్ గురించే ఈ ఉత్తరం. అప్పుడే చెబుదామనుకున్నాను. "తినేటప్పుడైనా ఆ గోల ఆపండి" అని మీ పిన్ని కసరడం, చీకటి పడకముందే సిల్క్ బోర్డు కూడలి దాటాలని నువ్వు తొందరపడటంతో కుదరలేదు. ఫోన్లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను.

రోజూ వచ్చే లాగ్ ఫైళ్లు (మీ సిస్టంలో జరిగినవన్నీ లైను లైనుగా రాసుకునే ఫైళ్లు) చదివే ప్రోగ్రాం ఏ భాషలో రాస్తే త్వరగా నడుస్తుందో చూడమన్నాడు మీ మేనేజర్. నువ్వు 2 జీబీ ఫైల్ ఒకటి తీసుకుని వరసగా నడిపావు. జావాకి 21 సెకన్లు, పైథాన్‌కి 6. "చూశావా బాబాయ్, పైథాన్ నెమ్మది అంటారందరూ!" అని నవ్వావు. ఆ నవ్వు చూశాక ఏమీ అనబుద్ధి కాలేదు.

ఇప్పుడు కాగితం తీసుకుని ఒక్క భాగహారం చెయ్యి. 2 జీబీని 21తో భాగిస్తే సెకనుకి 100 ఎంబీ దగ్గర తేలుతుంది. నీది కాలేజీలో కొన్న లాప్‌టాప్. అందులో ఉన్నది గిర్రున తిరిగే హార్డ్ డిస్కు. ఆ రకం డిస్కు వరసగా చదివితే ఇచ్చేది ఇంచుమించు అంతే. అంటే ఆ 21 జావాది కాదు, డిస్కుది. ఇక 6తో భాగించు. సెకనుకి 340 ఎంబీ వస్తుంది. నీ డిస్కు తలకిందులుగా తపస్సు చేసినా అంత ఇవ్వలేదు. మరి పైథాన్‌కి ఆ డేటా ఎక్కణ్నుంచి వచ్చింది? అంతకుముందే జావా దాన్ని డిస్కు మీంచి లాక్కొచ్చి మెమరీలో పడేసింది. జావా వండిపెట్టిన అన్నం పైథాన్ తింది, అంతే.

2024 ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయినప్పుడు నువ్వు ఒక వారం ఇక్కడే ఉన్నావు, గుర్తుందా? మొదటి అంతస్తాయన కుళాయి తిప్పి "నీళ్లు ధారగా వస్తున్నాయి, ట్యాంకర్‌కి డబ్బులెందుకు" అని అసోసియేషన్ వాళ్లతో పోట్లాడాడు. ఆయన కుళాయిలోకి వచ్చేది మేడ మీద ట్యాంకు నీళ్లు. బోరు సంగతి ఆ ధార చూస్తే తెలియదు. నీ లాప్‌టాప్‌ని నడిపే లినక్స్ కూడా ఒకసారి చదివిన ఫైల్‌ని ఖాళీ మెమరీలో ఉంచుకుంటుంది. దాన్ని పేజ్ క్యాష్ అంటారు. రెండోసారి ఏ భాష వచ్చి అడిగినా అందులోంచే ఇస్తుంది. నీ లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది కాబట్టి 2 జీబీ ఫైల్ హాయిగా పట్టేసింది.

అనుమానం ఉంటే లాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, పైథాన్‌ని ముందు, జావాని తర్వాత నడుపు. అంకెలు తారుమారవుతాయి. దీనికి మందు రెండు రకాలు. ప్రతి పరుగుకీ ముందు సింక్ కమాండ్ కొట్టి, రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) వెళ్లి ప్రాక్ కింద ఉండే డ్రాప్ క్యాషెస్ ఫైల్లో 3 అని రాస్తే ట్యాంకు ఖాళీ అవుతుంది. లేదా అన్ని భాషలకీ మొదటి పరుగు లెక్కలోంచి తీసేసి, తర్వాతి ఐదారు పరుగుల్లో మధ్య అంకె తీసుకో. రెండింట్లో ఏది సరైనది అంటే, మీ పనిని బట్టి. లాగులు రాత్రి వేరే మిషన్ నుంచి కాపీ అయి వస్తాయన్నావు. కాపీ అయిన వెంటనే మీ ప్రోగ్రాం నడిస్తే అవి ఇంకా మెమరీలోనే ఉంటాయి. గంటల తర్వాత, మధ్యలో ఇంకో పెద్ద పని మెమరీని తొక్కేశాక నడిస్తే ఉండవు. ఈ సంగతి మీ ఆపరేషన్స్ వాళ్లని అడిగి తెలుసుకున్నాకే ఏ పద్ధతిలో కొలవాలో నిర్ణయించుకో. చాలామంది ఇది అడగరు. నాకు తెలిసి ఈ పని మొత్తంలో అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఇక రస్ట్ అనే భాష సంగతి. "పావుగంట గడిచినా పూర్తవ్వలేదు, ఆపేశాను" అని ఆ గడిలో గీత పెట్టావు. నీ కోడ్ చూశాను. ఫైల్ తెరిచి నేరుగా ఒక్కో బైట్ అడుగుతున్నావు. రస్ట్‌లో ఫైల్ అంటే ఉత్త ఫైలే, దానికి బఫర్ (ఒకేసారి ఎక్కువ తెచ్చి దగ్గర పెట్టుకునే మెమరీ ముక్క) ఉండదు. నువ్వు అడిగిన ప్రతి బైట్‌కీ ఆపరేటింగ్ సిస్టమ్ దాకా ఒక సిస్టమ్ కాల్, అంటే ఒక అభ్యర్థన, వెళ్తుంది. 2 జీబీకి 214 కోట్లకు పైగా కాల్స్. పొయ్యి మీద మూకుడు పెట్టి ఆవాలకోసారి, జీలకర్రకోసారి, ఎండుమిర్చికోసారి సందు చివరి కొట్టుకి పరిగెత్తితే తాలింపు ఎప్పటికవుతుంది? అదే ఫైల్‌ని రస్ట్‌లో బఫర్ ఇచ్చే బఫ్‌రీడర్‌లో పెట్టి చదువు. అది మామూలుగా 8 కేబీ చొప్పున తెస్తుంది, 2,62,144 కాల్స్‌తో పని అయిపోతుంది. 64 కేబీ బఫర్ ఇస్తే 32,768 చాలు. ఆ పైన బఫర్ ఎంత పెంచినా పెద్ద తేడా కనిపించదు, ఊరికే మెగాబైట్లు పోయకు.

పైథాన్‌లో ఓపెన్ అనగానే బఫర్ దానంతటదే వస్తుంది. రస్ట్‌లో, గో అనే భాషలో నువ్వే పెట్టుకోవాలి. అందుకే కొత్తగా రాసినవాళ్ల చేతిలో రస్ట్ పైథాన్ చేతిలో ఓడిపోతుంటుంది. అది చూసి రస్ట్ మీద తీర్పు చెప్పేస్తారు. పాపం, దాని తప్పేముంది? జావాకి నువ్వు బఫర్డ్ రీడర్ వాడావు, మంచి పని చేశావు. దాని బదులు జావాలోని స్కానర్ వాడి ఉంటే అది ప్రతి లైనూ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాతో) వెతుక్కుంటూ కూర్చునేది.

టేబుల్‌లో భాష పేరు రాసి ఊరుకోకు. "రస్ట్, 64 కేబీ బఫర్, బైట్లుగా", "పైథాన్, టెక్స్ట్‌గా, లైను చొప్పున" అని రాయి. లైన్లు విడగొట్టి, యూటీఎఫ్-8 విప్పి (బైట్లని అక్షరాలుగా మార్చి) ఇచ్చే ప్రోగ్రాం ఒకవైపు, బైట్లు తెచ్చి పారేసే ప్రోగ్రాం ఇంకోవైపు పెట్టి పోల్చడం అన్యాయం. పైగా మీ లాగుల్లో జనం వెతికిన మాటలు తెలుగులో, కన్నడలో కూడా ఉంటాయన్నావు. నువ్వు తయారు చేసిన ఫైల్లో అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. "అమ్మ" అనే మాటనే చూడు. అ, మ, పొల్లు గుర్తు, ఇంకో మ. యూనికోడ్ లెక్కలో నాలుగు, ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 12. ఉత్త ఇంగ్లీషు లైనైతే పైథాన్ దాన్ని అక్షరానికి ఒక బైట్‌తో దాచుకుంటుంది. లైన్లో ఒక్క తెలుగు అక్షరం పడితే ఆ లైనంతటికీ అక్షరానికి రెండేసి బైట్లు పెడుతుంది. ఇలాంటి ఫైల్ మీద టెక్స్ట్‌గా చదివే ప్రోగ్రాములు మరింత నెమ్మదిస్తాయి. కాబట్టి నిజమైన లాగులోంచే ఒక ముక్క తెచ్చుకుని కొలువు, మనుషుల వివరాలు తీసేసి మరీ.

సీ ప్లస్ ప్లస్‌లో జీసీసీ, క్లాంగ్ అనే రెండు కంపైలర్లకీ (కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చేవి) చెరో వరస పెట్టావు. అంకెలు దాదాపు ఒకటేనని ఆశ్చర్యపోయావు. లినక్స్ మీద క్లాంగ్ కూడా మామూలుగా జీసీసీ వాళ్ల లైబ్రరీనే వాడుకుంటుంది, కింద ఉన్న సీ లైబ్రరీ ఒకటే, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఒకటే. ఫైల్ చదివే పని అక్కడ జరుగుతుంటే కంపైలర్ ఏం చేస్తుంది? కోడ్‌ని వేగంగా చెయ్యమని కంపైలర్‌కి చెప్పే ఓ2 పెట్టినా పెట్టకపోయినా డిస్కు వేగం మారదు. కానీ చదివిన లైన్లోంచి తేదీ, నంబరు తీసే కోడ్ ఉంది చూడు, అక్కడ మాత్రం ఓ2 లేకుండా కొలవడం దండగ. ఇంకోటి, ప్రతి లైను చివరా ఎండ్‌ఎల్ రాశావు. అది లైను మార్చి ఊరుకోదు, బఫర్‌ని అక్కడికక్కడే ఖాళీ చేయిస్తుంది. మామూలు న్యూలైన్ పెట్టు. ఎక్కడో చదివి సింక్ విత్ ఎస్‌టీడీఐఓ ఆపే లైను కూడా పెట్టావు. అది కీబోర్డు, తెరల కోసం ఉండే సీఇన్, సీఅవుట్‌లకి పనికొస్తుంది. నువ్వు ఫైల్ చదవడానికి వాడిన ఐఎఫ్‌స్ట్రీమ్‌కి దానితో సంబంధం లేదు.

రాసే వేగం గురించి నీ టేబుల్‌లో చివరి వరస చూస్తే నా పాత సిగ్గు గుర్తొచ్చింది. 2003లో హోసూరు రోడ్డు మీద ఒక చిన్న కంపెనీలో బిల్లులు ఫైల్లోకి రాసే ప్రోగ్రాం నాకు అప్పగించారు. పాత ప్రోగ్రాం రాసినాయన ప్రతి బిల్లు తర్వాత ఎఫ్‌సింక్ (డేటా డిస్కు మీదికి చేరేదాకా ఆగే కాల్) పిలిచేవాడు. నాకది చాదస్తంలా కనిపించి తీసేశాను. వేగం పది రెట్లు పెరిగింది. మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. మూడు వారాలు తిరక్కుండా ఒక కస్టమర్ దగ్గర కరెంటు పోయింది. మిషన్ మళ్లీ లేచేసరికి చివరి అరనిమిషం బిల్లులు లేవు. రైట్ అనే కాల్ "అయిపోయింది" అని చెబితే అర్థం డేటా మెమరీలోకి చేరిందని మాత్రమే. లినక్స్ దాన్ని మామూలుగా 30 సెకన్ల వరకు అలాగే ఉంచి, తర్వాత తీరిగ్గా డిస్కుకి పంపుతుంది. ఆ రాత్రి కస్టమర్ ఆఫీసులో కాగితం రసీదులు ముందేసుకుని బిల్లులు తిరిగి కొట్టింది నేనే. నువ్వు హార్డ్ డిస్కు మీద 1 జీబీ 0.7 సెకన్లలో రాసిందని వేశావు. అది డిస్కు మీదికి చేరిన సమయం కాదని ఇప్పుడు నీకే తెలుస్తుంది. ఎఫ్‌సింక్‌తో ఒకటి, లేకుండా ఒకటి, రెండు అంకెలూ వెయ్యి.

కొలవడానికి టైమ్ కమాండ్ చాలు, కానీ మూడు అంకెలూ చదువు: రియల్ అంటే గడిచిన మొత్తం సమయం, యూజర్ అంటే ప్రాసెసర్ ప్రోగ్రాం కోసం పని చేసింది, సిస్ అంటే దాని తరఫున కెర్నల్‌లో పని చేసింది. రియల్ 21, యూజర్ 4, సిస్ 1 అని వస్తే మిగతా 16 సెకన్లు ప్రోగ్రాం చేతులు కట్టుకుని డిస్కు కోసం ఎదురుచూసిందని లెక్క. జావాలో వెనకాల ఇంకొన్ని త్రెడ్లు (పక్కపక్కనే నడిచే పనులు) ఉంటాయి కాబట్టి ఈ తీసివేత అంత కచ్చితంగా కుదరదు. సిస్టమ్ కాల్స్ ఎన్ని వెళ్లాయో చూడటానికి స్ట్రేస్ అనే కమాండ్ నడుపు. అయితే స్ట్రేస్ పెట్టినప్పుడు వచ్చిన సమయం టేబుల్‌లో వెయ్యకు, అది ప్రోగ్రాంని బాగా నెమ్మది చేస్తుంది. ఫెడోరా లాంటి కొన్ని లినక్స్ రకాల్లో టెంప్ ఫోల్డర్ ర్యామ్‌లోనే ఉంటుంది, టెస్ట్ ఫైల్ అందులో పెట్టకు. ఆఫీసు విండోస్ లాప్‌టాప్ మీద డబ్ల్యూఎస్ఎల్2లో (విండోస్ లోపల లినక్స్ నడిపే ఏర్పాటు) నడిపితే సీ డ్రైవ్ ఫైల్ మీద కొలవకు. విండోస్‌కీ లినక్స్‌కీ మధ్య గోడ దాటడానికే బోలెడు సమయం పోతుంది.

చివరికి ఈ ప్రోగ్రాం నడిచేది క్లౌడ్ మిషన్ మీద కదా. అమెజాన్‌లో జీపీ3 డిస్కు అదనంగా డబ్బు కట్టకపోతే సెకనుకి 125 ఎంబీ ఇస్తుంది. మీది ఆ రకమే అయితే, ఫైల్ మెమరీలో లేనప్పుడు 2 జీబీ చదవడానికి ఏ భాషైనా 16 సెకన్లు తీసుకుంటుంది. అక్కడ పైథాన్ 16, రస్ట్ 16 వస్తే కంగారుపడకు, ఆ అంకే మీ మేనేజర్‌కి కావాల్సిన జవాబు. అప్పుడు మీ టీంలో ఎక్కువమందికి వచ్చిన భాషలో రాసుకోండి. డిస్కుకి డబ్బు పెంచాలా, లేక లాగుల్ని కుదించి పంపించాలా అని మీ మేనేజర్‌ని ఆలోచించమను.

ముందు రస్ట్‌ని బఫర్‌తో నడిపి ఆ గీత తీసేసి అంకె వెయ్యి. తర్వాత జావా, పైథాన్‌ల క్రమం మార్చి చూడు. మెయిల్ ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే, "మొదటి రెండు వరసలు మళ్లీ కొలుస్తున్నాను" అని ఈ రాత్రికే ఒక లైను రాసెయ్యి. వచ్చే ఆదివారం ఆ లాప్‌టాప్ తెచ్చుకో, స్ట్రేస్ ఎలా చదవాలో చూపిస్తాను. భోజనం అయ్యాకే తెరుద్దాం.

మీ బాబాయ్